ఇత్తడి నట్టు

అలా కాదు వదినగారూ! తొక్కమంటే నిప్పు మీద కాలు పడ్డట్టు తొక్కి తీసేస్తే ఎలా? తొక్కి పట్టుకోవాలి. నేను వదలమనేదాకా వదలకూడదు. బ్రేకండీ అది, తేలు కాదు.

ఆఁ. తొక్కారా? అలాగే ఉంచండి.

కుడివైపు గోడ ఎర్రబడింది. ఎడమవైపు గోడ... గోడలాగే ఉంది. పైగా ఎడమ ఇండికేటరు, దాన్ని ఎవరూ పిలవకపోయినా, కునికిపాట్లు పడుతున్నట్టు మసగ్గా వెలుగుతోంది. బ్రేకు తొక్కితే బ్రేకు దీపం వెలగాలి గానీ ఇండికేటరు వెలగడమేమిటండీ? పెళ్ళివారిని పిలిస్తే పక్కింటివాళ్ళు వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నట్టు!

వదలండి. వదలండీ! ఇందాక పట్టుకోమంటే పట్టుకోలేదు, ఇప్పుడు వదలమంటే వదలరు.

వియ్యపురాలిని లారీ ఎక్కించి బ్రేకు తొక్కించిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఏం చేయమంటారు చెప్పండి? వెనక దీపం చూడాలంటే ఇద్దరు కావాలి. ఒకరు తొక్కాలి, ఒకరు చూడాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన తొక్కితే నేను చూసేదాన్ని, నేను తొక్కితే ఆయన చూసేవాడు. ఆయన పోయాక ఆరేళ్ళుగా ఆ పెడలు మీద ఇటుక పెట్టి పని గడుపుకున్నాను. ఇటుకకి ఒక మంచి గుణం ఉంది. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఇంటికెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పదు.

అబ్బే, మిమ్మల్ని అనలేదు. ఇటుకని అన్నాను.

ఏమిటి, సీటు గుచ్చుకుంటోందా? కొంచెం అటు జరగండి. అది స్ప్రింగు. నలభై ఏళ్ళుగా అలాగే గుచ్చుతోంది. మా ఆయన దానికి అత్తగారు అని పేరు పెట్టాడు. అయ్యో, మిమ్మల్ని కాదండీ! మా అత్తగారు. ఆవిడ పోయి కూడా చాలా కాలమైంది. స్ప్రింగు మాత్రం ఉంది.

ఇప్పుడు టైమెంతయింది? ఒంటిగంటన్నరా? నాలుగింటికి వస్తాడు కదా ఈ బండి కొనుక్కున్న హోటలాయన. రెండున్నర గంటలు. చాలు.

బల్బు, హోల్డరు, ఫ్యూజు, స్విచ్చి, ఎర్తు. ఈ వరస మా షాపులో ఎక్కం లాంటిది. దీపం వెలగకపోతే ఈ ఐదే చూడాలి, ఈ వరసలోనే చూడాలి. దూకకూడదు. దూకినవాడు సాయంత్రానికి మళ్ళీ మొదటికే వస్తాడు. ఎన్ని బళ్ళకి చూశానో! నేను బడికి పోలేదు, మీకు తెలుసు కదా. బల్బు డబ్బాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అక్కణ్ణించి పాత పేపర్లు, ఆ తర్వాత పుస్తకాలు. మీరు ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పారు. మీ ముందు చదువు గురించి మాట్లాడటం తప్పే అనుకోండి.

బల్బు నిన్న మార్చాను. కొత్తది. కుడివైపు దూర్చి వెలిగించి చూసి, అప్పుడు ఎడమవైపు పెట్టాను. అందుకని బల్బు మీద అనుమానం లేదు.

హోల్డరు ఇవాళ పొద్దున్న గరుకు కాగితంతో గీకాను. అద్దంలా ఉంది. ఇదిగో, ఈ అద్దం మూత స్క్రూలు రెండూ రుమాలుకి కట్టాను, చూశారా? ఇది మా షాపు పద్ధతి. రుమాలుకి నాలుగు మూలలు, బండికి నాలుగు మూలలు. ఎర్రదారం కుట్టిన మూల డ్రైవరు కూర్చునే ముందు కుడి మూల. దాన్నిబట్టి మిగతావి. ఎక్కడ విప్పిన స్క్రూ అక్కడి మూలన ముడి వేసి జేబులో పెట్టుకోవాలి. మళ్ళీ బిగించేదాకా ముడి విప్పకూడదు. మధ్యలో అన్నానికి పిలిచినా, ఎవరైనా వచ్చి గంటసేపు కబుర్లు చెప్పినా, ముడి తడుముకుంటే చాలు, పని ఎక్కడ ఆగిందో వేళ్ళే చెబుతాయి. బుర్రని నమ్మకు, రుమాలుని నమ్ము అనేవాడు ఆయన. అప్పుడు మాకు ముప్పై దాటలేదు. బుర్రల్ని నమ్మినా పోయేదేమీ లేదు.

మీరొచ్చిన రోజున నా బట్టలు ఉతుకుతూ ఏదో రుమాల్లో నట్టు దొరికిందని అడిగారు, గుర్తుందా? అదీ అంతే. షాపన్నాక నట్లకేం కొదవండీ, చింతపండులో గింజల్లా ఎక్కడపడితే అక్కడే.

సరే. బల్బు, హోల్డరు, ఫ్యూజు... ఫ్యూజు బాగానే ఉంది, ఎందుకంటే కుడిదీ ఎడమదీ ఒకే ఫ్యూజు. కుడిది వెలుగుతోంది కదా. ఫ్యూజు తర్వాత... ఫ్యూజు తర్వాత...

చెప్పకండి.

చెప్పకండి వదినగారూ, మీకు దణ్ణం పెడతాను. వస్తుంది.

స్విచ్చి. స్విచ్చి! చూశారా? వచ్చింది. స్విచ్చి కూడా రెంటికీ ఒకటే. అదీ బాగానే ఉంది. ఏమిటి రాస్తున్నారు? ఏమీ లేదా? సరే.

ఈ బండి సంగతి మీకు మీ కోడలు ఎప్పుడైనా చెప్పిందా? చెప్పి ఉండదు. చిన్నప్పుడు దీన్లో బడికి దింపితే సందు చివరే దిగిపోయేది, స్నేహితులు నవ్వుతారని. ముక్కుబండి అనేవాళ్ళు దీన్ని. ఇప్పటి లారీల మొహాలు తలుపు చెక్కలా ఉంటాయి. దీనికి ముందు ఇంత పొడుగు ముక్కు. మేము తుక్కు సామాన్లలోంచి తెచ్చినప్పుడు దీనికి ముక్కు తప్ప ఇంకేమీ లేదు.

వైర్లన్నీ మేమిద్దరమే వేశాం. అప్పుడు మా చేతికి చిక్కింది ఒకే ఒక్క పెద్ద చుట్ట, నల్ల వైరు. ముందు దీపాలకీ నలుపే, వెనక దీపాలకీ నలుపే, హారనుకీ నలుపే. తెలియనివాడు విప్పి చూస్తే జడ విప్పిన జుట్టు. హోటలాయన తీసుకొచ్చిన ఎలక్ట్రీషియను చూసి ఏమన్నాడో తెలుసా? మొత్తం పీకేసి కొత్తది వేసేద్దాం అన్నాడు. పన్ను నొప్పంటే తల తీసేద్దామన్నట్టు! ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నాను. నవ్వుతూనే అన్నాననుకోండి.

ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆయన బొమ్మ గీసి పెట్టాడు. అదిగో, మీ ఎదురుగా ఉన్న గోడ మీదే. కనబడటం లేదా?

కనబడదు. పోయినేడు మీ అబ్బాయి షాపంతటికీ సున్నం వేయించాడు. అల్లుడు ముచ్చటపడి చేయిస్తుంటే వద్దంటామా? నేను మీ ఇంటికి వచ్చిన రోజు చూసి వేయించాడు. తిరిగొచ్చేసరికి గోడ పాలలా ఉంది. చాలా బాగుందన్నాను. బాగానే ఉంది మరి. అప్పట్నించీ ఆ బొమ్మ ఇంకొక్క చోటే మిగిలింది, నా తలకాయలో. దానికి కూడా సున్నం పడుతోందని మీ అందరి అనుమానం.

కాదా? మరి మీరెందుకొచ్చారు వదినగారూ?

కాలక్షేపానికి. సరే. మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి, రంపాలూ గ్రీజూ ఉన్న షాపు మీది గదికి కాలక్షేపానికి వచ్చారు. నేనేమైనా కాదన్నానా?

నాకు తెలుసండీ. మా అమ్మాయి ఇక్కడికొచ్చి ఫోనులో మీతో మాట్లాడినప్పుడు మెల్లగా మాట్లాడుతుంది గానీ, వంటింట్లో మాట్లాడుతుంది. వంటింట్లో మాట్లాడితే బావిలో మాట్లాడినట్టే. నాతో మాత్రం మొహం మీదే చెప్పింది. హోటలాయన బండి తీసుకెళ్ళడానికి వచ్చి, ఎడమ దీపం వెలగలేదని తిరిగి వెళ్ళిపోయాడు చూడండి, ఆ రోజు. 'అమ్మా, నువ్వు వేసిన వైరింగు నీకే అర్థం కాకపోతే, గ్యాసు కట్టావో లేదో నీకెలా తెలుస్తుందే?' అంది. ఆ ముక్కకీ ఈ ముక్కకీ సంబంధమేమిటి? లాయరు దగ్గర పని చేస్తుంది కదా, ఎక్కడిదాన్నో తెచ్చి ఎక్కడో ముడేస్తుంది.

పందెం కట్టింది. పందెం అనలేదనుకోండి, ఒప్పందం అంది. ఈ దీపం నా అంతట నేను బాగుచేస్తే, పై గదీ, షాపు తాళమూ నావే. బండి హోటలాయనకి పోతుంది, నేనిక్కడ ఉంటాను. బాగుచేయలేకపోతే బండీ పోతుంది, నేనూ పోతాను. అది హోటలుకి, నేను మీ ఇంట్లో వెనక గదికి.

ఆ గది కిటికీకి కొత్త తెర కూడా కుట్టించారట కదా? ఏం రంగు?

లేత ఆకుపచ్చా? బాగుంటుంది. రోగులకి మంచిదంటారు.

అయ్యో, ఏదో అన్నానండీ. మీ ఇల్లు నాకు కానిదా? మీ చెట్లు, మీ పుస్తకాలు, మీరు పిల్లి పిల్లల్ని కసురుకోవడం, అన్నీ ఇష్టమే. కాకపోతే ఇక్కడ పొద్దున్నే లేచి షట్టరు ఎత్తుతాను. అది కిర్రుమంటుంది. ఆ చప్పుడు విన్నాక నేనెవరో నాకు తెలుస్తుంది. మీ ఇంట్లో షట్టరు లేదు కదా. దానికి మీరేం చేస్తారు?

సరే, సరే. పని చూద్దాం.

ఇదిగో ఇది టెస్ట్ ల్యాంపు. బల్బుకి రెండు వైర్లు, అంతే. ఒకటి ఇనుముకి పట్టించి, రెండోదానితో అనుమానం ఉన్నచోట పొడవాలి. మీ అబ్బాయి మీటరు కొనిచ్చాడు పాపం. అంకెలు చూపిస్తుంది. పన్నెండు పాయింటు నాలుగు అంటుంది. నాకెందుకండీ ఆ అంకెలు? వెలిగిందా, లేదా? అంతవరకే నాకు కావాలి.

తొక్కండి. గట్టిగా. ఆఁ, పట్టుకోండి.

వెలిగింది! ఇక్కడిదాకా కరెంటు వచ్చింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. మరి దీపం ఎందుకు వెలగదు?

వదలండి. చెబుతాను. కరెంటుకి వచ్చే దారి ఒకటి, వెళ్ళే దారి ఒకటి ఉంటాయి. వచ్చి, దీపం వెలిగించి, తిరిగి బ్యాటరీకి పోవాలి. ఆ తిరిగిపోయే వైరుని మేము ఎర్తు అంటాం. అది తెగితే కరెంటు ఊరుకోదు. తన వాకిలి మూసేశారని పక్కింటి పెరట్లోంచి పోతుంది. ఆ పక్కిల్లే ఇండికేటరు. అందుకే అది మసగ్గా వెలుగుతోంది. దానికి ఏ పాపమూ తెలియదు. ఎవరో దాని ఇంట్లోంచి నడిచిపోతున్నారు, అంతే.

వచ్చే దారి అందరూ చూస్తారు, తిరిగెళ్ళే దారి ఎవడూ చూడడు అనేవాడు ఆయన. బళ్ళ గురించే అనేవాడు. ఇంకేదో ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇంకొక్క పరీక్ష. ఉండండి, ముందు ముడి విప్పి ఈ ఎర్ర అద్దం మూత బిగించేస్తాను. ఈ పొడుగు వైరు ఒక కొస బ్యాటరీకి పట్టించి ఇక్కడిదాకా లాక్కొచ్చాను. దీన్ని దీపం డబ్బాకి ఆనిస్తాను. అంటే మనమే ఒక దొంగదారి వేసినట్టు. ఇప్పుడు తొక్కండి!

వదినగారూ! గోడ చూడండి! అబ్బ, మీకు అక్కణ్ణించి కనబడదు కదూ. రెండువైపులా ఎరుపు. ఇండికేటరు నిద్రపోయింది. ఎర్తే. నూటికి నూరుపాళ్ళు ఎర్తే. ఐదింట్లో ఆఖరిది. చెప్పానా, వరసలో పోవాలని?

డెబ్బై మూడేళ్ళు నాకు. ఏ మీటరూ లేకుండా కనిపెట్టాను. ఇది రాసుకోండి. నేను ఏమీ అనుకోను.

వదలండి. ఇక మీరు కాసేపు కాళ్ళు చాపుకోండి. నేను కిందికి దూరతాను. ఎందుకండీ భయం? అట్టముక్క వేసుకున్నాను. చక్రాలకి రాళ్ళు పెట్టాను. ఆ రాళ్ళు పెట్టానో లేదో రెండుసార్లు చూశాను కూడా. మూడోసారి మీరు ఒకసారి వంగి చూడండి.

ఉన్నాయి కదా? మంచిది.

వినబడుతోందా? కింద నా గొంతు నాకే డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఎడమ దీపం దగ్గర్నించి ఒక వైరు... ఈ రబ్బరు గొట్టంలోకి పోయింది. గొట్టం చట్రం వెంబడే... స్టెప్నీ టైరు వెనక బయటికి వస్తుంది. అక్కడ చట్రానికి ఒక బోల్టు. బొమ్మ లేకపోతేనేం, చెయ్యి పోతోంది కదా దానంతట అదే. ఇదిగో. ఇదిగో బోల్టు.

బోల్టు ఉంది.

నట్టు లేదు.

వైరు ఊడి వేలాడుతోంది. దొరికింది వదినగారూ! ఇంత చిన్న సంగతి! తుప్పు పట్టి నట్టు ఊడిపోయిందేమో, ఏమో, పాత బండి కదా... ఆగండి.

టార్చి కొంచెం ఇటు... నా చేతిలోనే ఉంది. సరే.

వైరు కొసకి టేపు చుట్టి ఉందండీ.

కొత్త టేపు. చుట్టూ వేలెడు మందాన దుమ్ము, టేపు మాత్రం నిగనిగలాడుతోంది. ఊడిన వైరు తనకి తాను టేపు చుట్టుకోదు కదా? దెబ్బ తగిలినవాడు తన కట్టు తానే కట్టుకున్నట్టు! ఎవరో విప్పారు. కావాలని విప్పారు. విప్పి, వేరే దేనికీ తగలకుండా శుభ్రంగా చుట్టి మరీ పోయారు.

ఎవరండీ ఈ పని చేసింది? ఆ ఎలక్ట్రీషియనేనా? మొత్తం పీకేద్దామన్నాడు కదా, పని దొరుకుతుందని తనే విప్పి పెట్టాడా? కాదు. వాడు వచ్చింది దీపం వెలగడం లేదని తెలిశాక. హోటలాయన? ఆయన తెల్లబట్టల మనిషి, మోకాలు కూడా వంచడు. మరి మీ అబ్బాయి? కోప్పడకండి, మాటవరసకి అంటున్నాను. నేను ఓడిపోవాలని, నన్ను ఎలాగైనా మీ ఇంటికి...

కాదు. కాదులెండి. బండి అమ్మాలని తొందరపడుతున్నవాడు దీపం ఎందుకు చెడగొడతాడు? దీపం చెడి బండి ఇక్కణ్ణించి కదలకూడదని అనుకునేవాళ్ళు చేయాలి ఈ పని.

అలాంటివాళ్ళు ఎవరున్నారు?

...

ఉన్నాను వదినగారూ. ఇక్కడే ఉన్నాను. ఏమీ కాలేదు. తల తగల్లేదు.

టేపు కొస చూస్తున్నాను.

మామూలుగా అందరూ టేపు చుట్టి తెంపేస్తారు. మళ్ళీ విప్పాల్సినవాడు గోళ్ళు అరిగేలా గీక్కోవాలి. నేనొక్కదాన్ని చివర చిన్న మడత పెడతాను, పట్టుకుని లాగడానికి వీలుగా. మా ఆయన వెక్కిరించేవాడు, టేపుకి కూడా కుచ్చిళ్ళు పెడుతోందని. ఆయన ఎప్పుడూ పెట్టలేదు. ఈ ఊళ్ళో ఇంకెవరూ పెట్టగా చూడలేదు.

ఇక్కడ మడత ఉంది.

బయటికి వస్తున్నాను. చెయ్యివ్వక్కర్లేదు. మీరు దిగకండి, ఆ మెట్టు ఎత్తు. అక్కడే ఉండండి.

మీ పర్సు తెరవండి వదినగారూ. పుస్తకం తీయండి.

ఏ పుస్తకమంటారేం? నీలం అట్ట, ఎర్ర సిరా. మూడు రోజులుగా నేను పెరటివైపు వెళ్ళినప్పుడల్లా తీస్తున్నారు కదా. అన్నేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి, ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది? నేను కోప్పడను. నిజంగా. మీరొచ్చిన రోజు పేజీ చదవండి. మొహమాటపడకండి. పైకి చదవండి.

'గ్యాసు కట్టి వచ్చి మళ్ళీ వెళ్ళి చూసింది.' నిజమే. 'టీ తాగారా అని రెండుసార్లు అడిగింది.' రెండుసార్లేనా? సంతోషం. 'పక్కింటావిడ పేరు మర్చిపోయింది.' అది మరుపు కాదండీ, ఆవిడంటే నాకు పడదు. ఊఁ. ఆ తర్వాత?

మళ్ళీ చదవండి.

'ఉతకడానికి వేసిన రుమాల్లో ఇత్తడి నట్టు. ఎర్రదారం ఉన్న మూలకి సరిగ్గా ఎదురు మూలన ముడి. అడిగితే తెలియదంది.'

మూల కూడా రాశారా! ఎంత వివరంగా రాశారండీ. మీరు మా షాపులో ఉండాల్సినవారు.

డ్రైవరు మూలకి ఎదురు మూలంటే ఏమిటో ఇందాకే చెప్పాను కదా. వెనక ఎడమ.

ఆ నట్టేదీ? కిటికీ గట్టు మీద పెట్టానన్నారు. అదిగో, బండి తలుపు పక్కనే షాపు కిటికీ. చెయ్యి చాపితే అందుతుంది. ఇలా పడేయండి.

ఇత్తడే. ఒక మూల ఆకురాయితో అరగదీసి ఉంది, చూశారా? ఎర్తుకి ఇనప నట్టు వేస్తే తుప్పు పడుతుందని ఆయన ఇత్తడిది వేశాడు. గుర్తుకని ఒక మూల అరగదీశాడు. ఇలాంటివి రెండే ఉంటాయి ఈ బండికి. ఇటొకటి, అటొకటి.

ఉండండి, ఎక్కించి చూస్తాను. ఇంకోసారి కిందికి దూరాలి, అంతే కదా.

...

ఎక్కింది. వెన్నలా ఎక్కింది. ఎక్కకపోతే బాగుండు.

నాలుగు రోజులు దొంగ కోసం వెతికాను వదినగారూ. దొంగ స్టూలు వేసుకుని నా పక్కనే కూర్చుంది, టెస్ట్ ల్యాంపు పట్టుకుని.

ఎందుకు విప్పానో తెలుసు. ఆ మాట ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. హోటలాయన మొదటిసారి వచ్చి, బండిని ఈ సందులో నాలుగు గజాలు నడిపి, ఇది మా హోటలు ముందు భలే ఉంటుందండీ, దీని ముక్కులో పూలకుండీలు పెడతాం అన్నాడు. పూలకుండీలు! ఆయన వెళ్ళాక నేను ఇక్కడే కూర్చున్నాను. ఒక్క దీపం వెలగకపోతే చాలు కదా అనుకున్నాను. అనుకున్నది గుర్తుంది. చేతిలో టీ గ్లాసు ఉంది, అదీ గుర్తుంది. గ్లాసు అంచు పెచ్చూడి ఉంది.

విప్పింది గుర్తు లేదు.

స్పానరు తీసింది లేదు. కిందికి దూరింది లేదు. టేపు చుట్టింది, మడత పెట్టింది, నట్టు రుమాలుకి కట్టింది, ఏదీ లేదు. ఎంత వెతికినా లేదు. పనంతా నాదే, పొల్లు పోకుండా నా పద్ధతిలోనే ఉంది. నేను మాత్రం అక్కడ లేను.

పైగా మీరు నట్టు చూపించి అడిగినప్పుడు తెలియదన్నాను, ఇందాక షాపన్నాక నట్లకేం కొదవ అన్నాను! అబద్ధమాడలేదండీ. నిజంగానే అన్నాను. అది ఇంకా సిగ్గుచేటు.

చూడండి ఎలా కుదిరిందో. తప్పు దొరక్కపోతే మతి పోయినట్టు. దొరికింది. దొరికింది కాబట్టి మతి పోయినట్టు. మా అమ్మాయి పెద్ద లాయరయినా ఇంత బిగువుగా కాగితం రాయలేదు.

ఏమిటి? ఏమన్నారు?

మళ్ళీ విప్పేద్దామా?

వదినగారూ! మీరు వచ్చిన పనేమిటి, అంటున్న మాటేమిటి? నట్టు తీసి మీ పర్సులో వేసుకుంటారా? దొరకలేదని నేను చెప్పాలి, చూశాను దొరకలేదని మీరు చెప్పాలి, బండి ఇక్కడే ఉండిపోవాలి. బాగుంది. అన్నేళ్ళు పిల్లలకి నీతులు చెప్పి దాచుకున్నది ఇదా?

వద్దండీ. మీరన్నారు, అదే పదివేలు. కానీ వద్దు. దీపం లేని బండిని హోటలాయన ఏదో ఒక రోజు ఇంతదూరమే కదా అని తోలుకుపోతాడు. వెనక వచ్చేవాడు పిల్లల్ని బండి మీద కూర్చోబెట్టుకుని వస్తాడు. వీడు బ్రేకు తొక్కినట్టు వాడికి ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్ళు మేం చేసింది అదొక్కటే. ముందువాడు ఆగుతున్నాడని వెనకవాడికి చెప్పడం. దాన్ని ఒకసారి విప్పాను, చాలు. తెలిసి రెండోసారి విప్పను.

టేపు లాగేసి, వైరు తొడిగి బిగించేస్తున్నాను. స్పానరు... ఇదిగో. గట్టిగా. అయిపోయింది. నట్టుకి నట్టు, దారికి దారి.

తొక్కండి వదినగారూ. ఆఖరిసారి.

ఆఁ. అలాగే పట్టుకోండి. వెలిగింది. రెండూ వెలిగాయి. దొంగదారి లేకుండానే వెలిగాయి. గోడంతా... సున్నం కొట్టించాడు కదా, తెల్లగోడ మీద ఇంకా బాగా కనబడుతోంది. ఆ సంగతి మీ అబ్బాయికి చెప్పండి.

ఇప్పుడు మీ కలం తీయండి. మీరు రాసినవన్నీ ఉండనివ్వండి, ఒక్కటీ చింపవద్దు. గ్యాసూ, టీ, పక్కింటావిడ, అన్నీ ఉండనివ్వండి. నట్టు దగ్గర మాత్రం కింద ఒక్క మాట చేర్చండి. బండి అమ్మడం ఇష్టం లేక తనే విప్పి దాచింది, అడిగితే బుకాయించింది, చివరికి ఒప్పుకుంది. దొంగ. అలా రాయండి.

నిజమే కదండీ? విప్పడం నిజం, దాచడం నిజం. గుర్తు లేదన్న ఒక్క ముక్క వదిలేయమంటున్నాను. మీరు పేపర్లో ఒక్క మార్కు ఎప్పుడూ కలపలేదా?

మా అమ్మాయికి కోపం వస్తుంది. రానివ్వండి. అరుస్తుంది, అలుగుతుంది, నెల్లాళ్ళు మాట్లాడదు. తాళం లాక్కుంటుందేమో, లాక్కోనివ్వండి. దొంగని తిడతారు వదినగారూ. దొంగతో పోట్లాడతారు. అంతేగానీ మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, గొంతు పెద్దది చేసుకుని, ఒక్కొక్క మాటా విడదీసి, అమ్మా, ఇవాళ, ఏ వారం? అని అడగరు.

రాశారా? చూపించండి.

దొంగ. అక్షరం గుండ్రంగా ఉంది. ఎర్ర సిరాలో ఇంకా బాగుంది.

మరి ఆ కళ్ళకేమైంది? గ్రీజు వాసన పడలేదేమో. రండి, పైకి వెళ్ళి టీ తాగుదాం. తాగారా ఇందాక? తాగలేదు కదా? ఇప్పుడు తాగుదాం. హోటలాయన వచ్చేలోపు మొహం కడుక్కోవాలి నేను. దిగండి, జాగ్రత్త, ఆ మెట్టు ఎత్తు.

దిగండి మరి. ఏం, కాలు పట్టేసిందా?

అయ్యో. గోడ ఇంకా ఎర్రగానే ఉందేమిటి? అప్పట్నించీ తొక్కే ఉన్నారా మీరు? ఆ రాతంతా బ్రేకు మీద కాలు పెట్టుకునే రాశారా?

అవును, నేను వదలమనేదాకా వదలకూడదన్నాను.

వదలమనడం మర్చిపోయాను.

వదలండి వదినగారూ. ఇది మాత్రం రాయకండి.